అతుకు లేని భేరి

“లోపలికి చెయ్యి పెట్టి చూడండి. నక్షత్రం కింద, కాస్త పక్కగా, అరచేయంత అతుకు తగులుతుంది.”

అన్నయ్య ఇంటి హాల్లో నిలబడి మెయ్ నోంగ్ ఆ మాట అన్నప్పటి నుంచి రాధారాణికి మనసు మనసులో లేదు. మెయ్ నోంగ్ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ నుంచి వచ్చి డెట్రాయిట్ దగ్గర స్థిరపడిన టీచరు. రాధారాణి అన్నయ్య డాక్టర్ విశ్వనాథ్ మ్యూజియంకి ఇవ్వబోతున్న కంచు భేరి ఫొటో చూసి వెతుక్కుంటూ వచ్చింది. అది తమ ఊరిదనీ, తన చిన్నతనంలో ఎవరో ఎత్తుకుపోయారనీ చెప్పింది. విశ్వనాథ్ మర్యాదగానే విన్నాడు, కాఫీ కూడా ఇచ్చాడు. భేరిని మాత్రం ముట్టుకోనివ్వకుండా గుమ్మం దాకా సాగనంపాడు.

కానీ ఆ అతుకు నిజం. ఆ సంగతి తెలిసినది తమ ఇద్దరికే అని అన్నాచెల్లెళ్లు అనుకుంటూ ఉన్నారు.

రాధారాణి ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటుంది. కార్ల ఇంజన్ భాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. ఏప్రిల్లో అన్నయ్య అడిగాడని, మేనేజర్‌ని బతిమాలి ఆ భేరిని తమ ల్యాబ్‌లో స్కాన్ చేయించింది. అల్యూమినియం దిమ్మెల లోపల బుడగలూ పగుళ్లూ వెతికే యంత్రం అది. పదిహేను వందల ఏళ్ల నాటి భేరిని దాని ముందు పెట్టగానే కడుపులో ఉన్నదంతా చూపించేసింది. ఏనాడో కంచు పోస్తున్నప్పుడు పైభాగంలో ఒకచోట లోహం చేరక బెజ్జం పడింది. ఆ పోత పోసిన మనిషే మళ్లీ కాస్త కంచు కరిగించి లోపలి నుంచి మూసేశాడు. అందం చూడలేదు, గట్టిదనం చూశాడు. ఆ అతుకు మీద అతని బొటనవేలు ఒత్తినట్టు గుంట కూడా ఉంది. రాధారాణి ఆ బొమ్మని స్క్రీన్ మీద పెట్టుకుని భోజనం సంగతి మర్చిపోయింది.

ఆ అతుకు గురించి మెయ్ నోంగ్‌కి ఎలా తెలిసింది? చిన్నప్పుడు ఆ కడుపులో చెయ్యి పెట్టి ఆడుకుని ఉంటే తప్ప తెలియదు.

మరి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద వ్యాపారి దగ్గర, కాగితాలన్నీ సరిగ్గా ఉన్న సరుకే కొన్నానని అన్నయ్య చెప్పిన మాట?

అక్కడ మొదలైంది అనుమానం. నాన్న పోయాక తనని చదివించిన అన్నయ్య, తన భర్త ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ పక్కనే కుర్చీలో పడుకున్న అన్నయ్య. అలాంటి మనిషి మీద అనుమానం రావడమే ఆమెకి సిగ్గుగా ఉంది. అయినా అది పోలేదు. ఆ రోజు నుంచి ఆమె ఎప్పుడు వస్తానన్నా విశ్వనాథ్ ఏదో ఒక వంక చెబుతున్నాడు. క్లినిక్‌లో బిజీ అంటాడు, బేస్‌మెంట్‌లో పెయింటింగ్ అంటాడు. ఒకసారి ఫోనే ఎత్తలేదు.

ఇవాళ శనివారం. పదకొండింటికి మ్యూజియం వాళ్లు వచ్చి భేరిని తీసుకుపోతారు. రాధారాణి చెప్పకుండా పొద్దున్నే వచ్చేసింది.

వంటింట్లో వదిన విజయశ్రీ పెసరట్లకి అల్లం తరుగుతోంది. మ్యూజియం వాళ్లకి కూడా టిఫిన్ పెట్టి పంపాలని ఆవిడ పట్టుదల.

“అన్నయ్య లేడా వదినా?”

“వాకింగ్‌కు పోయిన్రు. వచ్చేస్తరు. కాఫీ పెట్టాల్నా?” విజయశ్రీది పాలమూరు. అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా ఆవిడ మాట మారలేదు.

“తర్వాత తాగుతాను. కిందికి వెళ్లి ఒకసారి చూసొస్తా.”

చాకు ఆగింది. “దేన్ని?”

“భేరిని.”

“ప్యాక్ చేసేటోళ్లు వాళ్లే వస్తరు గద. నువ్వెందుకు రాధా, చేతులు ఖరాబు చేసుకునుడు?”

వదిన ఎప్పుడూ ఏ పనికీ తనని వద్దనలేదు. రాధారాణి ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. విజయశ్రీ తలవంచి మళ్లీ అల్లం తరగడం మొదలుపెట్టింది. ఈ ఇంట్లో అందరూ ఏదో దాస్తున్నారని అనిపించి, రాధారాణి ఇంకేం మాట్లాడకుండా మెట్లు దిగింది.

బేస్‌మెంట్ వెనకవైపు అద్దాల తలుపులోంచి ఎండ పడుతోంది. పొట్టి బల్ల మీద పాత దుప్పటి పరిచి, రెండు చెక్కదిమ్మెల మీద భేరిని ఎత్తుగా నిలబెట్టారు. పైన పెద్ద తాంబాళమంత కంచు పలక. దాని నడుమ కిరణాలు చిమ్ముతున్న నక్షత్రం, నక్షత్రం చుట్టూ వలయాలు వలయాలుగా పక్షులు, పడవలు, తలమీద ఈకలు పెట్టుకున్న మనుషులు. అంచున నాలుగు కప్పలు, ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు. మెయ్ నోంగ్ వాళ్ల జువాంగ్ జనానికి కప్ప అంటే ఉరుము దేవుడి బిడ్డ. మనుషులకి వాన కావాలని పైకి కబురు చెప్పేది అదేనట. ఏడాది మొదటి నెలలో ఊరంతా కలిసి ఒక కప్పని వెతికి, భేరీలు మోగిస్తూ ఊరేగించి, మనిషికి చేసినట్టే దానికి అంత్యక్రియలు చేస్తారట. ఆ రోజు హాల్లో ఆమె ఇంకా చెప్పింది. “మా ఊళ్లో ఇవి రెండు ఉండేవి. ఒకటి ఆడ గొంతు, ఒకటి మగ గొంతు. ఇనుము కోసం సర్కారు వాళ్లు ఊరూరా లోహమంతా పోగేసి కొలిమిలో వేసిన ఏడాది మగదాన్ని పట్టుకుపోయారు. ఆడదాన్ని మా ముత్తాత పొలంలో పాతిపెట్టి కాపాడాడు. కాపాడినదాన్ని దొంగలు పట్టుకుపోయారు.”

రాధారాణి కప్పని వేలితో తాకింది. చల్లగా ఉంది. అంతా బాగానే ఉంది. ఆకుపచ్చ చిలుము కూడా ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

ఒంగి, అడుగున తెరిచే ఉన్న ఖాళీలోంచి చెయ్యి లోపలికి పోనిచ్చింది. నక్షత్రం కింద కాస్త పక్కగా వెతికింది.

ఏమీ తగల్లేదు.

చోటు తప్పానేమో అనుకుంది. మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి దూర్చి, పలక అడుగంతా మెల్లగా తడిమింది. నున్నగా ఉంది. ఎక్కడా అంచు లేదు, గుంట లేదు.

ఫోన్ టార్చ్ వెలిగించి లోపలికి చూసింది. పాత భేరి గోడలో అక్కడక్కడా చిన్న చిన్న చదరపు కంచు ముక్కలు ఉండేవి. పోత పోసేటప్పుడు బయటి అచ్చూ లోపలి దిమ్మా ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టిన ముక్కలవి. కరిగిన కంచు వాటిని కలుపుకుని గడ్డకట్టింది కాబట్టి ఒక్కో ముక్కా గోడకి రెండువైపులా కనబడాలి. ఇక్కడ బయటవైపు చదరాలు ఉన్నాయి. లోపలివైపు ఒక్కటీ లేదు.

చూపుడువేలు మడిచి పలక మీద కొట్టింది. గుడిగంటలా ఖంగున మోగింది. ఏప్రిల్లో ల్యాబ్‌లో తాను కొట్టినప్పుడు వినిపించింది ఈ గొంతు కాదు. అది బొంగురుగా, లోతుగా, నేలలోంచి వచ్చినట్టు ఉండేది.

“రాధా! ఏం చేస్తున్నావక్కడ?”

విశ్వనాథ్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. వాకింగ్ బూట్లు కూడా విప్పలేదు.

రాధారాణి లేచి నిలబడింది. “అన్నయ్యా, అసలు భేరి ఎక్కడ?”

“ఎదురుగా పెట్టుకుని నన్నడుగుతావేంటి?”

“ఇది అది కాదు. ఇది మొన్న మొన్న పోసింది.”

విశ్వనాథ్ నవ్వబోయాడు. చెల్లెలి మొహం చూసి నవ్వు ఆపేశాడు. “నీకేమైనా పిచ్చా? దాన్ని నేను రోజూ చూస్తున్నాను.”

“నువ్వు పైన చూస్తున్నావు. నేను లోపల చూశాను. అతుకు లేదు.” ఆమె ఆగలేదు. “మెయ్ వచ్చి వెళ్లిన దగ్గర్నుంచి నన్ను దీని దగ్గరికి రానివ్వలేదు నువ్వు. ఎందుకో ఇప్పుడర్థమైంది. ఆ అతుకు ఉంటే ఆమె చెప్పింది నిజమవుతుంది. అతుకు లేని భేరి మ్యూజియంలో కూర్చుంటే ఆమె అబద్ధాలకోరు అవుతుంది. అందుకే మార్చేశావు కదూ?”

“రాధా!”

“నీ పేరు గోడ మీద రాస్తారు. పేపర్లో ఫొటో వస్తుంది. అసలుది ఎక్కడో భద్రంగా ఉంటుంది. ఆమె ఏమైపోతే ఎవరికి కావాలి?”

విశ్వనాథ్ గబగబా వచ్చి, అరవై ఆరేళ్ల మనిషి నేల మీద మోకాళ్లూని, చెయ్యి భేరి లోపలికి పోనిచ్చాడు. ఎన్నో గుండెలు తడిమి చూసిన చెయ్యి అది. కళ్లు మూసుకుని వెతికాడు. ఒకసారి ఆగాడు, మళ్లీ మొదటి నుంచి వెతికాడు. చెయ్యి బయటికి తీసేసరికి అతని మొహంలో రంగు లేదు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

“లేదు,” అన్నాడు. “నిజంగానే లేదు.”

ఇది నటన కాదని రాధారాణికి తెలిసింది. అన్నయ్యకి అంత నటన రాదు. ఆ క్షణంలో ఆమెకి ఊరట, భయం రెండూ కలిగాయి. అన్నయ్య దొంగ కాడు. మరైతే ఎవరు?

“మరి నన్నెందుకు రానివ్వలేదు?”

“వస్తే నువ్వు తిరిగిచ్చెయ్యమంటావని తెలుసు కాబట్టి,” అన్నాడు విశ్వనాథ్ మొండిగా. “నాకు ఇవ్వాలని లేదు. నేను దాన్ని దొంగిలించలేదు. ఇరవై ఏళ్లు ప్రాణంలా చూసుకున్నాను. ఎవరో వచ్చి మాది అంటే ఇచ్చెయ్యాలా?” తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపు మెల్లమెల్లగా మారడం రాధారాణి గమనించింది. “ఇది ఎలా చేశారు రాధా? బయట గీత గీతకీ తేడా లేదు. ఫొటోలు చూసి చెయ్యగలరా?”

“చెయ్యలేరు,” అంది ఆమె ఆలోచించకుండానే. “దీనికి స్కాన్ కావాలి. స్కాన్ ఉంటే బయటి రూపం ప్రింట్ చేసి, అచ్చు దింపి పోత పోయొచ్చు. లోపల ఎవరు చెయ్యి పెడతారులే అని నున్నగా వదిలేశారు.”

“ఆ స్కాన్ ఎవరి దగ్గరుంది?”

రాధారాణి ఫోన్ టార్చ్ ఆర్పేసింది.

“నా దగ్గరే. ల్యాబ్‌లో.”

“ఆ మెయ్ నోంగ్‌తో మళ్లీ మాట్లాడావా?”

“అన్నయ్యా, అదేం ప్రశ్న?”

“మాట్లాడావా, లేదా?”

“ఫోన్ చేసింది. భేరి మ్యూజియంకి వెళ్లిపోయే ముందు ఒక్కసారి ముట్టుకుంటానని ఏడ్చింది. ఇవాళ రమ్మన్నాను. నీకు చెప్తే ఒప్పుకోవని చెప్పలేదు.”

విశ్వనాథ్ బల్ల పట్టుకుని లేచాడు. “అంటే స్కాన్ నీది. ఆమెతో స్నేహం నీది. నాకు చెప్పకుండా ఇంటికి పిలిచింది నువ్వు. ఇప్పుడు నా బేస్‌మెంట్‌లో నిలబడి నన్ను దొంగంటున్నావు.”

“నేను మార్చి ఉంటే నేనే వచ్చి బయటపెడతానా?”

“నాకేం తెలుసు? పది నిమిషాల క్రితం దాకా నా చెల్లెలు నన్నిలా అంటుందని కూడా నాకు తెలియదు.”

ఆ మాట ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. తాను ఇందాక అన్న మాటలు అన్నయ్యకి ఎలా తగిలి ఉంటాయో కూడా అప్పుడే తెలిసింది. ఇద్దరి మధ్యా ఆ దొంగ భేరి ఎండలో నిలబడి ఉంది.

విశ్వనాథ్ ఫోన్ తీశాడు. “పోలీసులకి కాల్ చేస్తాను. మ్యూజియం వాళ్లు రాకముందే. ఎవరు తీశారో వాళ్లే తేలుస్తారు.”

“చేయకండ్రి.”

మెట్ల మీద విజయశ్రీ నిలబడి ఉంది. చేతులకి పెసరట్ల పిండి అంటుకుని ఉంది.

“నేనే ఇచ్చిన,” అంది.

విశ్వనాథ్‌కి వినబడలేదేమో అనుకుని ఆవిడే మళ్లీ చెప్పింది. “రాధనేం అనకండ్రి. భేరిని నా చేతులతోటి నేనే ఇచ్చిన. బుధవారం, మీరు క్లినిక్‌ల ఉన్నప్పుడు.”

“ఎవరికి?”

“ఎవరిదో వాళ్లకే. మెయ్‌కి.”

విశ్వనాథ్ గోడకి ఆనుకున్నాడు. విజయశ్రీ మెట్లు దిగి వచ్చి భర్తకి ఎదురుగా నిలబడింది. ఆవిడ గొంతులో తప్పు చేసిన బెదురు లేదు.

“మెయ్ మనింటికి వచ్చిననాడు నేను అరోరా ఊర్ల మన బిడ్డ దేదీప్య దగ్గరున్న. మనవరాలికి నీళ్లు పోస్తుంటే రాధ ఫోన్ చేసి అంత చెప్పింది. కప్పలు, వాన, ఊరు, అన్నీ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. మా దిక్కు వానలు పడకపోతే ఏం జేస్తుంటిమో మీకు తెలుసా? రోకలికి కప్పను గట్టి, ఏపమండలు చుట్టి, పిల్లలమంత ఇల్లిల్లు తిరిగేటోళ్లం. ఆడోళ్లు చెంబులతోటి నీళ్లు తెచ్చి కప్పతల్లి మీద పోసేటోళ్లు. ఆ రోకలి మోసినదాన్ని నేను. మన రోకలిని ఎవడన్న ఎత్తుకపోయి అద్దాల బీరువల పెడితే ఎట్లుంటది? మీకు రెండుసార్లు చెప్పిన, ఇచ్చేద్దామని. నువ్వు ఊరుకో అన్నరు.”

“అందుకని నాకు చెప్పకుండా...”

“చెప్తే ఇస్తరా?”

విశ్వనాథ్ చేతిలోని ఫోన్ కిందికి దించాడు.

“బుధవారం పొద్దున వచ్చింది,” విజయశ్రీ చెప్పుకుపోయింది. “వ్యాన్‌ల. డ్రైవర్ దిగనే లేదు. ఆమె కప్పను ముట్టుకుని ఏడ్చింది. ఈ కొత్తదాన్ని ఆమెనే తెచ్చింది. ‘మ్యూజియంల చూసేటోళ్లకు ఇది సరిపోతది, మా ఊరికి మాది కావాలె, మీ ఆయన పరువుకు ఏం గాదు’ అన్నది. నాకు సబబే అనిపించింది. ఇద్దరం పట్టి వ్యాన్‌ల పెట్టినం. మ్యూజియం వాళ్లు పోయినంక మీకు చెప్దామనుకున్న. నన్ను తిడితే తిట్టండ్రి.”

రాధారాణికి కళ్లు చెమర్చాయి. తనకి లేని ధైర్యం వదినకి ఉంది. భేరి ఇంటికి వెళ్లిపోయింది. ఇంక అన్నయ్యని శాంతపరిస్తే చాలు, మ్యూజియం వాళ్లకి నిజం చెప్పేస్తే చాలు అనుకుంది. వెళ్లి వదిన చెయ్యి పట్టుకుంది. పిండి చెయ్యి.

కానీ లోపల ఎక్కడో ఒక ముల్లు కదిలింది. మెయ్ నోంగ్ తనకి ఫోన్ చేసింది గురువారం. భేరి బుధవారమే ఆమెకి చేరి ఉంటే, గురువారం ఫోన్ చేసి ‘ఒక్కసారి ముట్టుకుంటాను’ అని ఎందుకు ఏడ్చింది?

“వదినా,” అంది మెల్లగా, “తెలియని మనిషికి అంత విలువైనది ఎలా ఇచ్చేశారు? ఒక్కసారి నన్నైనా అడగాలి కదా.”

విజయశ్రీ వింతగా చూసింది. “నిన్నెందుకు అడుగుడు? నువ్వే పంపినవన్నది గద. ‘రాధ చెప్పింది, రాధే ఈ కాపీ చేయించింది’ అన్నది. నీ ఫ్యాక్టరీ పేరు, నువ్వు స్కాన్ తీసిన సంగతి, అన్నీ చెప్పింది. అందుకే నమ్మిన.”

విశ్వనాథ్ తల గిర్రున చెల్లెలి వైపు తిరిగింది.

“నేనెవర్నీ పంపలేదు!” అంది రాధారాణి. “ఒట్టు వదినా. నేను కాపీ చేయించడమేంటి? స్కాన్ సంగతి నేను మెయ్‌కి చెప్పనేలేదు!”

పైన డోర్‌బెల్ మోగింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదకొండు ఇంకా కాలేదు. బెల్ రెండోసారి మోగింది. రాధారాణి ముందు, విజయశ్రీ వెనక మెట్లెక్కారు. విశ్వనాథ్ ఫోన్ చేతిలో పట్టుకునే వాళ్ల వెంట వచ్చాడు.

రాధారాణి తలుపు తీసింది. గుమ్మంలో మెయ్ నోంగ్ నిలబడి ఉంది. నల్ల స్వెటర్ వేసుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. రెండు చేతులతో ఒక గుడ్డసంచి పట్టుకుంది.

“తొందరగా వచ్చానా?” అంది ఇంగ్లిష్‌లో. “ఇందులో వడ్లు ఉన్నాయి. మా ఊళ్లో భేరిని ఖాళీగా ఉంచం. మోగించనప్పుడు తిరగేసి, నిండా ధాన్యం పోసి ఉంచుతాం. లేకపోతే ఎగిరిపోతుందంటారు. మీ అన్నయ్యగారు ఒప్పుకుంటే ఒక్క గుప్పెడు పోసి వెళ్లిపోతాను. అది ఇంకా ఇక్కడే ఉంది కదా?”

రాధారాణి ఆ కళ్లలో మోసం కోసం వెతికింది. ఒక్క రవ్వ కూడా దొరకలేదు.

అప్పుడే మ్యూజియం వారి తెల్లటి వ్యాన్ మలుపు తిరిగి డ్రైవ్‌వేలోకి వచ్చింది.

వెనక నుంచి విజయశ్రీ చల్లటి చెయ్యి రాధారాణి మణికట్టుని గట్టిగా పట్టుకుంది.

“రాధా, ఈమె ఎవరు?”

“మెయ్ నోంగ్, వదినా.”

విజయశ్రీ ఆ మనిషిని పైనుంచి కిందికి చూసింది.

“నేను భేరి ఇచ్చింది ఈమెకు కాదు.”